పంచెల నీడ

రేపు కొండకొచ్చే జనానికి చల్లటి మజ్జిగ తన పూచీ అని సిద్ధప్ప ఆశ్రమమంతా చాటేశాడు. ఆశ్రమంలో చేరకముందు అతను ఫ్రిజ్‌ల మెకానిక్కు. ఎవరో భక్తుడిచ్చిన పాత ఫ్రిజ్జు మొరాయించి మూలన పడుంటే, దాన్ని నడిపించి తీరతానని పంతం పట్టాడు.

నడిపించాలంటే ముందు లోపలున్న పాతకాలం గ్యాసు తీసెయ్యాలి. దాన్ని సిలిండరులోకి పట్టే మిషనేమో టౌనులో ఉంది. అక్కడికి బండి కట్టించుకుపోతే రేపటి మజ్జిగ గోవిందా, అతని మాటా గోవిందా. గొట్టం కత్తిరించి గాలికి వదిలేస్తే మాత్రం సాయంత్రానికల్లా పనైపోతుంది.

మధ్యాహ్నం అతను కట్టరు చేతికి తీసుకోబోతుంటే గురువుగారు విమలబోధ స్వామి వచ్చారు. ఆ గ్యాసు పైకెక్కితే ఏమవుతుందో తెలుసా అని అడిగారు. తెలియకేం! పైన ఎండకు విరిగి అందులోంచి క్లోరిన్ ఊడిపడుతుందనీ, మనకు ఎండ కీడు తగలకుండా కాసే ఓజోను పొరను అది చెడగొడుతుందనీ సిద్ధప్ప గడగడా అప్పజెప్పాడు.

"కానీ స్వామీ, ఇందులో ఉన్నది గుప్పెడు. అంత ఆకాశానికి ఇదొక లెక్కా?"

స్వామి వాదించలేదు. వంటింట్లో వాళ్ళతో సహా అందర్నీ వాకిట్లోకి పిలిచి, ముగ్గురు ముగ్గురుగా నిలబడి తలా ఒక కొస పట్టుకుని పంచె ఎత్తమన్నారు. మీరంతా ఆక్సిజన్, ముగ్గురు కలిస్తే ఓజోను అని చెప్పి, ఆ నీడలో పీట వేయించుకుని దర్జాగా కూర్చున్నారు.

"సిద్ధప్పా, నువ్వొక్కడివే క్లోరిన్‌వి. ఒక గుంపులోంచి ఒకణ్ణి లాగు. పక్కన వదిలేసి ఇంకో గుంపు మీద పడు."

సిద్ధప్పకు ఎక్కడలేని హుషారొచ్చింది. తోటి శిష్యుడు రుద్రముని పంచె వదలనని మొండికేస్తే చక్కిలిగింతలు పెట్టి మరీ లాగేశాడు. వంట చేసే తిమ్మక్క గరిటె చూపించి బెదిరించింది గానీ, నవ్వాపుకోలేక ఆవిడే కొస వదిలేసింది. గుంపు విడిపోయినవాళ్ళంతా ఇద్దరిద్దరుగా జతకట్టి చతికిలబడ్డారు. పంచెలన్నీ నేలపాలు. చివరికి ఎండ నేరుగా స్వామి బోడిగుండు మీద పడింది. ఆయనా పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

ఇంకెవరైనా మిగిలారా అని సిద్ధప్ప చుట్టూ చూస్తున్నాడు. ఎగశ్వాస కూడా లేదు మనిషికి. స్వామి కింద పడ్డ పంచె తీసి నెత్తిన కప్పుకున్నారు.

"ఇంతమందిని చెదరగొట్టావే. నీలో ఏమైనా తరిగిందా నాయనా?"

సిద్ధప్ప నవ్వు ఆగిపోయింది. కట్టరు సంచిలో పడేశాడు. ఫ్రిజ్జును బండికెత్తడానికి ఒక చెయ్యి వెయ్యమని రుద్రమునిని పిలిచాడు. పోతూ పోతూ, రేపటికి మజ్జిగ కుండల్లో పోసి తడిగుడ్డలు చుట్టమని తిమ్మక్కకు తనే చెప్పాడు.