మింగయ్య వేసిన ఇల్లు

కూర్మదాసు గారిని ఏదైనా అడిగితే సమాధానం నోటితో వచ్చేది కాదు. ఎక్కడికో ఒకచోటికి పంపేవారు. వెళ్ళొచ్చినవాళ్ళలో కొందరికి తామడిగిందేమిటో గుర్తుండేది కాదు, కొందరికి మళ్ళీ అడగవలసిన పనే ఉండేది కాదు.

ఆయన దగ్గరికి భజనకు వచ్చేవాళ్ళలో సూరీడమ్మ ఒకతె. సముద్రం ఒడ్డు మనిషి. భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. తెప్ప దొరికింది గాని మనిషి దొరకలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో కూడా ఆ మరుసటేడు తుపాను నీళ్ళలో నాని తెల్లకాగితమైపోయింది. ఒకనాడు భజన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

"బావూ, ఆయన మొకం మరిసిపోతన్నాను. కళ్ళు మూసుకుంటే ముక్కొస్తాది, నవ్వు రాదు. నవ్వొస్తే కళ్ళు రావు. పోయిన మనిసి ఇంకోపాలి పోతన్నట్టుంది. నిలబెట్టుకునే దారేటి?"

ఆయన "సీతంపేట కొండ మీద సవర మింగయ్య అని ఉన్నాడు. నేను పంపానని చెప్పి ఒక బొమ్మ వేయించుకు రా, తల్లీ" అన్నారు.

సూరీడమ్మకి ప్రాణం లేచొచ్చింది. పోలికలు చెబితే మనిషిని అచ్చంగా దించేవాడు కాబోలు అనుకుంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆ పోలికలే వల్లె వేసుకుంది. కుడికన్ను కాస్త చిన్నది. గడ్డం కింద గాలం చీరిన గాటు.

మింగయ్య ముసలివాడు. అరుగు మీద ఎర్రమట్టి పూసిన గుడ్డ పరిచి, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, కుంచె కోసం వెదురుపుల్ల కొన నములుతూ కూర్చున్నాడు. ఆమె కన్ను గురించీ గాటు గురించీ చెబుతుంటే వద్దనలేదు. వింటూనే నాలుగు గీతలు గీసి చిన్న ఇల్లు కట్టాడు. "మీ ఆయన కూకోడానికి" అన్నాడు. సవరల ఆచారంలో బొమ్మంటే అదే, పోయినవాళ్ళు వచ్చి ఉండడానికి వేసే ఇల్లు. ఆ తర్వాత అతను అడిగినవి వేరు. ఏం మోసేవాడు? ఎవరితో నడిచేవాడు? ఆకలేస్తే ఎవరి మీద అరిచేవాడు?

"నా మీదే" అంది సూరీడమ్మ.

లోపలినుంచి మింగయ్య భార్య సొంబారి నవ్వింది. "ఈయనా అంతే. అది మాత్రం ఎయ్యకు ముసలోడా, మళ్ళీ మొదలెడతాడు."

మింగయ్య సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. నీళ్ళని పోడుచేను చాళ్ళలా వేశాడు. తెప్పని నీళ్ళమీద నిలపడం తెలియక, పెళ్ళిపల్లకీ మోసినట్టు మనుషుల భుజాలమీదికి ఎక్కించాడు. అందరివీ ఒకే తీరు తలలు, తెల్లటి చుక్కలు. సూరీడమ్మ ఎదురుచూస్తూ కూర్చుంది. అతను పుల్ల కడిగి పక్కన పెట్టేశాడు.

"మొకాలేవి తాతా?"

"మా బొమ్మలకి మొకాలుండవమ్మా."

"మరి ఇందులో మా ఆయన ఎవరు?"

"నాకేటి తెలుసు? నువ్వే పిలవాల. అన్నం పెట్టి, కల్లు పోసి, పేరెట్టి పిలిస్తే వచ్చి కూకుంటాడు. పిలవకపోతే ఒట్టి గుడ్డే."

సొంబారి ఆకుదొప్పలో అన్నం, సొరబుర్రలో జీలుగు కల్లు తెచ్చింది. "తాగుతాడా మీవోడు?"

"ఆ బుర్ర దాచుకో అప్పా" అంది సూరీడమ్మ. ముగ్గురూ నవ్వారు.

కాని పిలవడానికి నోరు రాలేదు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ పేరు ఆమె నాలుక మీదికి రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది, అత్త చెప్పింది. ఓట్లు రాసుకునేవాళ్ళు వస్తే పక్కింటామె చెప్పేది. ఆయన రాని రోజున, ఒడ్డున అందరూ తమవాళ్ళని పేర్లు పెట్టి కేకలేస్తుంటే, తను మాత్రం "ఓయ్, ఓయ్" అనే అరిచింది. ఆ సముద్రం మీద ఆ "ఓయ్" ఎవరికి వినబడిందో, ఎవరు తమదనుకున్నారో.

"పిల్లల తండ్రీ అని పిలిస్తే రాడా తాతా?"

"కొండ నిండా పిల్లల తండ్రులే కదమ్మా" అన్నాడు మింగయ్య. "ఎవరొస్తారో మరి."

దొప్పలో అన్నం ఆవిరి పోయింది. ఆమె ఆ చుక్కల తలల వంక చూస్తూనే ఉంది. ఇప్పుడు అమ్మ లేదు, అత్త లేదు, తగ్గడానికి ఆ ఆయుష్షూ లేదు.

"ఎల్లాజీ" అంది.

ఈసారి ఒడ్డున నిలబడి పిలిచినట్టు పిలిచింది. "ఎల్లాజీ, ఇంటికి రా."

సొంబారి తల దించుకుంది. మింగయ్య అన్నం దొప్పని బొమ్మలోని ఇంటికి దగ్గరగా జరిపాడు.

తిరిగొచ్చి సూరీడమ్మ ఆ గుడ్డని కూర్మదాసు గారి ముందు పరిచింది.

"ముఖం గుర్తొచ్చిందా, తల్లీ?"

"నేదు బావూ. ఆళ్ళు అసలు మొకాలే ఎయ్యరంట. తమరికి తెలిసే పంపించేరు." ఆ మాటలో నిష్ఠూరం లేదు.

"పిలిచావా?"

"పిలిసేను."

ఆయన గుడ్డని జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చారు.

"అయితే ఇక దారి వెతుక్కోవలసింది మీ ఆయనే."