నట్టు ఎక్కని కడ్డీ

"అంతలా బతిమాలినా రానంటోంది. ఇంకా నేనేం చెయ్యాలి మేస్త్రీ?" అని అడిగాడు అంకారావు.

అడిగినవాడు బెజవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లేత్ మిషను మీద పనిచేస్తున్న మనిషి. అడిగింది తనకు ఆ పని నేర్పిన దైవసహాయం మేస్త్రిని. రానంటున్నది అంకారావు భార్య మల్లీశ్వరి. కడుపు పోయి ఆమె ఆస్పత్రిలో పడి ఉంటే, ఈ మహానుభావుడు స్నేహితుడింట్లో పేకాడుతూ కూర్చున్నాడు. కబురు అందలేదా అంటే అందింది. ఆట మధ్యలో లేవబుద్ధి కాలేదు, అంతే. ఆమె ఆస్పత్రి నుంచి అటునుంచటే ఉయ్యూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. రేపు అక్కడే పెద్దలు కూర్చుని ఇద్దరికీ తెగతెంపులు చెయ్యబోతున్నారు. ఈలోపు ఎలాగైనా ఆమెను తెచ్చుకోవాలని అతని ఆరాటం. ఆ ఆరాటంలో అబద్ధం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"వెళ్లి ఏమన్నావు?" అన్నాడు మేస్త్రి.

"పెళ్లయిన కొత్తలో తీసుకెళ్లినట్టే మల్లెపూలు తీసుకెళ్లానండి. పాతవన్నీ మర్చిపోదాం, కొత్తగా మొదలెడదాం అన్నాను. మొహమ్మీదే తలుపేసింది."

"ఆస్పత్రి సంగతి ఎత్తావా?"

"మానిన గాయాన్ని మళ్లీ రేపడమెందుకని ఎత్తలేదండి."

మేస్త్రికి అదో జబ్బు. ఏదడిగినా జవాబు చెప్పడు, పని చెబుతాడు. లారీ జాకీ కోసం వచ్చిన ఉక్కు కడ్డీ చూపించి, దానికి నట్టు ఎక్కేలా మర కొయ్యమన్నాడు.

అంకారావుకు ఒళ్లు మండింది. అయినా పనిలో అతనికి వంక పెట్టలేం. కడ్డీని, దాన్ని పట్టి తిప్పే చక్‌లో బిగించాడు. మర ఎంత ఎడంగా రావాలో చూసుకుని అందుకు తగ్గ గేర్లు మార్చాడు. కోసే టూలు కడ్డీకి సూటిగా నిలిచిందో లేదో గేజి పెట్టి సరిచూశాడు. మొదట పైపైన గీత మాత్రం పడేలా ఒకసారి నడిపించి, ఆ గీతల ఎడం కొలిచాకే లోతుకు దిగాడు. మిషను డయలు మీద ప్రతిసారీ అదే అంకె వచ్చినప్పుడు లీవరు వేస్తే టూలు పాత గాడిలోనే పడుతుంది. పడుతూనే ఉంది కూడా.

మర చాలావరకు దిగాక నట్టు ఎక్కించి చూడాల్సి వచ్చింది. నట్టు పూర్తిగా ఎక్కేదాకా చక్ విప్పకూడదన్నది ఆ షాపులో మొట్టమొదట నేర్పే మాట. కానీ మనసంతా ఉయ్యూరులో ఉన్న మనిషి నట్టును కడ్డీ దగ్గరకు తేవడం మాని, కడ్డీనే విప్పి నట్టు దగ్గరకు పట్టుకెళ్లాడు. నట్టు కాస్త ఎక్కి ఆగిపోయింది. ఇంకొంచెం కొయ్యాలి. తెచ్చి మళ్లీ బిగించాడు. ఈసారి కడ్డీ ఇందాకటిలా కాకుండా కాస్త తిరిగి కూర్చుంది. అప్పుడైనా టూలును నెమ్మదిగా దగ్గరకు తెచ్చి పాత గాడి ఎక్కడుందో వెతుక్కుని ఉంటే సరిపోయేది. వెతకలేదు. అదే అంకె చూసి లీవరు వేసేశాడు.

మేస్త్రి పక్కనే నిలబడి చూస్తున్నాడు.

టూలు పాత గాడిని వదిలేసి, గాడికీ గాడికీ మధ్య నిలిచిన గట్టు మీద ఇంకో గాడి తీసుకుంటూ పోయింది. అంకారావు ఉలిక్కిపడి మిషను ఆపేసరికి గట్టు సగానికి సగం పోయింది.

"ఏదీ తప్పలేదు గదండీ! అవే గేర్లు, అదే టూలు, అదే అంకె!" అన్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. తన ఏడుపు కడ్డీ కోసం కాదని అతనికి తెలుస్తూనే ఉంది. "ఇప్పుడు పాత గాడి వెతికి కోస్తేనో?"

"గట్టు నువ్వే తినేశావు. నట్టు ఇంక దేన్ని పట్టుకుంటుంది?" అంటూ మేస్త్రి కడ్డీని విప్పి తుక్కులో పడేశాడు.

అంకారావు తుక్కులోకి వంగి ఆ తెగిన గట్టును వేలితో తడిమాడు. "మరి రేపు నన్ను ఉయ్యూరు వెళ్లమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఆస్పత్రి మాటెత్తకుండానే కొత్తగా మొదలెడదామన్నావు గదరా. కడ్డీ కొత్తదనుకున్నావా?"