పేరయ్యగారి గుడ్డులేని పిజ్జా

పిల్లలూ, తింగరిపాలెం పేరయ్య కథ మీరెప్పుడూ వినలేదు కదూ? మీరు పెరుగుతున్న చోట ఇది చెప్పేవాళ్ళు లేరు, నేనే చెప్పాలి. ఆయన మనకి దూరపు చుట్టం. కాస్త దగ్గర చుట్టమేనేమో కూడా, నన్ను చూస్తే తెలియడం లేదూ?

తమ ఇంట్లో ఉన్న తెలివి జిల్లా మొత్తం వెతికినా దొరకదని పేరయ్య నమ్మకం. ఆయన భార్య భ్రమరాంబ, ఆమె తమ్ముడు గంగులు కూడా అదే మాట మీద ఉండేవారు. "ఎవరేం చెప్పినా మనం అక్షరం పొల్లుపోకుండా చేస్తాం. ఇంక తప్పెలా వస్తుంది?" అనేవాడు పేరయ్య.

వాళ్ళకి ఒక్కతే కూతురు, కుందన. దానికి గుడ్డు పడదు. ఒకసారి ఎవరింట్లోనో చిన్న కేకు ముక్క తింటే పెదాలు వాచి, ఊపిరాడక ఆసుపత్రిలో పడింది. అంతే, అప్పటినుంచి ఏ పుట్టినరోజుకి వెళ్ళినా అందరూ కేకులూ పిజ్జాలూ తింటుంటే అది ఓ మూల కూర్చుని అరటిపండు ఒలుచుకునేది.

"నాన్నా, నా పుట్టినరోజుకైనా అందరూ తినేదే నేనూ తింటాను" అంది ఓ రోజు.

ఇంకేముంది, ముగ్గురూ బేకరీ మస్తానమ్మ దగ్గరికి పరిగెత్తారు. ఆమె పిజ్జా పిండి కలిపి చూపించింది. గుడ్డును గిన్నె అంచుకి టప్పున కొట్టి, లోపలిది పిండిలో వేసింది.

"మెత్తగా రావాలని నేను గుడ్డు వేస్తాను. మీరు దాని బదులు పెరుగు వేసుకోండి పేరయ్యగారూ. మిగతాదంతా నేను చేసినట్టే" అంది.

పుట్టినరోజు పొద్దున భ్రమరాంబ పిండి కొలిచి, పెరుగు కోసం గరిటె అందుకోబోయింది. పేరయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గరిటె ఎందుకే? మస్తానమ్మ గరిటె ముట్టుకుందా?"

"లేదండీ, అంచుకేసి కొట్టింది."

"మరి!"

అంతే, గంగులు పెరుగు కుండ ఎత్తి గిన్నె అంచుకి ఠపీమని కొట్టాడు. పెరుగు సగం పిండిలో పడింది, సగం గంగులు మీసాల మీద పడింది. పెంకులు మాత్రం అన్నీ పిండిలోనే.

"గుడ్డు కంటే దీని పెంకు మందం బావా" అన్నాడు గంగులు మీసం నాకుతూ.

"అందుకేరా పెరుగు తింటే బలం" అంది భ్రమరాంబ.

ఆ పిండి పారబోశారు. రెండో కుండ దగ్గరికి వచ్చేసరికి తెలివి ఇంకాస్త పెరిగింది. ముందు కుండని పంచెలో చుట్టి, ఆ తర్వాత పగలగొట్టారు.

తర్వాత ఈస్ట్. "దానికి ప్రాణం ఉంటుంది, గోరువెచ్చటి నీళ్ళే పొయ్యండి" అని చెప్పి ఉంది మస్తానమ్మ. ప్రాణం ఉన్నవాళ్ళకి నీళ్ళు పోస్తూ వేడి చాలిందో లేదో అడగకపోతే ఎలా? భ్రమరాంబ గిన్నె మీదికి వంగి, "చాలా నాయనా, ఇంకొన్ని చన్నీళ్ళు కలపనా?" అంది. ఓ బుడగ పైకి తేలింది.

"చాలంటున్నాడండీ!"

ఇంక పిండి రెట్టింపు కావాలి. ముగ్గురూ గిన్నె చుట్టూ కూర్చుని కళ్ళార్పకుండా చూశారు. పిండి కదలదు. గంగులు లేచి వెళ్ళి నిలువుటద్దం తెచ్చి గిన్నె వెనక పెట్టాడు.

"బావా, రెండైంది!"

"ఏడిశావు. మనమూ ఆరుగురం అయ్యాం కదరా! చాలుతుందా?"

అద్దంలో ఉన్న ముగ్గుర్ని భోజనానికి పిలవాలా, వద్దా అని చాలాసేపు వాదించుకున్నారు. ఆలోగా పిండి పాపం తన పని తను చేసుకుని, పొంగి మూతని పైకి నెట్టింది.

ఎలాగైతేనేం, రెండు పిజ్జాలు కాలాయి. ఇల్లంతా కమ్మటి వాసన. పిల్లలు వచ్చి వరసగా కూర్చున్నారు, ముందు కుందన. వడ్డించబోయిన పేరయ్య పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

"గుడ్డు లేదని ఖాయమేనా?"

"మనం వెయ్యలేదుగా అండీ."

"వెయ్యలేదు సరే. లేదని ఎవరు చూశారు?"

గంగులుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "కోడిని పొదగేద్దాం బావా! గుడ్డుంటే పిల్ల బయటికొస్తుంది, లేకపోతే లేదు."

"నా బంగారు బామ్మర్దీ!" అని పేరయ్య వాణ్ణి కావలించుకున్నాడు. రెండూ ఒకే పిండి కనక ఒకటి పరీక్షిస్తే చాలనుకుని, ఓ పిజ్జా పెరట్లోకి పట్టుకెళ్ళి, పక్కింటి కోడిని అడిగి తెచ్చి దాని మీద కూర్చోబెట్టారు. వెచ్చగా ఉందేమో, కోడి సర్దుకుని కూర్చుంది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కాసేపటికి కోడి లేచి కొక్కొక్కొక్కో అని గోల పెట్టింది.

పిజ్జా నడిమధ్యన తెల్లటి గుడ్డు!

"ఓరి దేవుడో, ఉంది!" పేరయ్య లోపలికి ఒక్క పరుగు తీశాడు. రెండో పిజ్జా పళ్ళెం ఖాళీ. కుందన మూతినిండా టమాటా, బుగ్గలనిండా రొట్టె. పేరయ్య కింద కూలబడి దాని పెదాలు చూశాడు, గుండె మీద చెవి పెట్టి ఊపిరి విన్నాడు. ఏ వాపూ లేదు, ఏ ఆయాసమూ లేదు.

"నాన్నా, చక్కిలిగింతలు! ఇంకోటి ఉందా?" అని నవ్వింది కుందన.

పేరయ్య కళ్ళు తుడుచుకుని ఆలోచించాడు. తల చురుగ్గా పనిచేసింది. "అర్థమైందే! గుడ్డంతా ఆ పిజ్జాలోకే పోయింది. మనం సరిగ్గా దాన్నే పట్టుకున్నాం! ఇంకొకళ్ళయితే పిల్ల ఏమైపోయేది?"

"పాపం మస్తానమ్మ" అంది భ్రమరాంబ. "ఏ రొట్టెలో గుడ్డుందో చూసుకోకుండా అమ్మేస్తోంది."

అంతే, ముగ్గురూ కోడిని చంకన పెట్టుకుని బేకరీకి నడిచారు. అద్దాల బీరువా తెరిచి, మొదటి రొట్టె మీద కోడిని కూర్చోబెట్టి, "ఎవరూ కొనకండమ్మా, ఇంకా పొదగడం కాలేదు!" అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

ఈ కథ మీతోనే ఆగిపోనివ్వకండి. పిజ్జాకి గుడ్డు అక్కర్లేదన్న సంగతి కూడా కలిపి నలుగురికీ చెప్పండి. మీ తరగతిలో గుడ్డు పడని పిల్ల ఎవరైనా ఉంటే, ముందు ఆ పిల్ల పక్కన కూర్చుని చెప్పండి.