కర్రావు చెప్పని మాట

అనగనగా నల్లమల అడవిలో, పలుపుతాడంటే ఏమిటో ఎరగని ఆవుల మంద ఒకటి ఉండేదర్రా. మందకు పెద్ద కర్రావు. ఆ ఏడు మందలోని ముసలి ఆబోతు చచ్చిపోయాడు. ఇక మిగిలినవి రెండు కోడెలు. ఒకడు ఎర్రోడు. రెండోవాడు బొల్లోడు, కర్రావు సొంత కొడుకు.

ఆ మందకో కట్టుబాటు ఉంది. రెండేళ్లలో దూడలనివ్వలేని కోడెను వాగు అవతలికి తరిమేస్తారు. అవతల పులి ఉంటుంది, తెలుసుగా!

మొదటి ఏడు ఎర్రోడితో జతకట్టిన ఆవులన్నీ చూలు కట్టాయి. బొల్లోడితో జతకట్టినవి ఒక్కటీ కట్టలేదు. రెండో ఏడు ఒక్క ఆవు చూలు కట్టింది. పాపం, అదీ నిలవలేదు.

"వీడి విత్తనంలో సత్తువ లేదు. తరిమేయండి!" అంది మందలోని పుల్లావు.

బొల్లోడు తల్లి దగ్గరకు పరుగెత్తాడు. "అమ్మా, ఇంకొక్క వానాకాలం ఆగవే. నా ఒంట్లోకి ఇప్పుడిప్పుడే బలం వస్తోంది" అన్నాడు.

కర్రావుకు పాత సంగతి గుర్తుకొచ్చింది. చచ్చిపోయిన ఆ ముసలి ఆబోతే బొల్లోడి తండ్రి. ఆయనకీ మొదటి రెండేళ్లు ఒక్క దూడా పుట్టలేదు, అప్పటికింకా ఈ కట్టుబాటు లేదు కాబట్టి మందలోనే ఉండిపోయాడు. మూడో ఏట మొదలైతే, మందంతా ఆయన దూడలే! ఎర్రోడి తండ్రి పక్క మంద వాడు. తొందరగా ఎదిగాడు, తొందరగానే ఉడిగిపోయాడు. ఇదంతా గుర్తున్నది కర్రావు ఒక్కదానికే.

చెబుదామని నోరు తెరిచింది. పుల్లావు ఎగాదిగా చూసి, "కొడుకనేసరికి కట్టుబాటు మారిపోతుందా, కర్రావక్కా?" అంది. మందంతా గుసగుసలాడింది.

అంతే! కర్రావు పరువు చూసుకుంది. "వెళ్లరా నాయనా" అంది. ఛీ, అదేం తల్లి! నాకైతే ఒళ్లు మండిపోతుంది.

బొల్లోడు వాగు దాటుతూ మూడుసార్లు వెనక్కి తిరిగి "అమ్మా!" అని అరిచాడు. కర్రావు తల తిప్పుకుంది.

మరుసటి ఏడు ఎర్రోడికి నాలుగే దూడలు. ఆపై ఏడు ఒకటి. ఆ తర్వాత అదీ లేదు. వాడికి పుట్టినవన్నీ పెయ్యలే, కోడెదూడ ఒక్కటీ లేదు. దూడలు లేక పొదుగులన్నీ ఎండిపోయాయి.

అప్పుడు చెప్పింది కర్రావు అసలు సంగతి. "ఇన్నాళ్లూ కడుపులో ఎందుకు దాచుకున్నావే తల్లీ!" అని పుల్లావు భోరుమంది. అందరూ వాగు దాటారు. "ఒరే బొల్లోడా! రారా నాయనా!" అని పిలుచుకుంటూ వెతికారు.

పొద పక్కన పడి ఉన్నాడు బొల్లోడు. పులి పట్టి రెండు రోజులు కూడా కాలేదు. కొమ్ములు మూరెడు పెరిగాయి. మూపురం నిండుగా ఉంది. ఇన్నేళ్లూ వాడు అక్కడే, పిలిస్తే వినపడేంత దూరంలోనే బతికాడు. ఒక్కరూ పిలవలేదు.

ఆ మందలో మళ్లీ దూడ పుట్టలేదర్రా.

నీతి: ఎదిగే ఈడు రాకముందే ఎవరినీ పనికిరారని తోసెయ్యకూడదు, నిజం తెలిసీ పరువు కోసం నోరు మూసుకుంటే, తర్వాత ఎంత ఏడ్చినా పోయినవాళ్లు తిరిగి రారు.