ఎర్ర పెన్సిలు కొట్టేసిన గ్రహం

కొండమీది ఒక వేధశాలలో పరాంకుశం అనే శాస్త్రవేత్త ఉండేవాడు. చదువుకు లోటు లేదు, కష్టపడే గుణానికీ లోటు లేదు, కానీ తనకు తెలియనిది లోకంలో ఉండదనే ధీమా మాత్రం ఒక పాలు ఎక్కువే. దూరపు నక్షత్రం చుట్టూ తిరిగే కొత్త గ్రహాన్ని ఒక్కదాన్నైనా కనిపెట్టాలని ఆయన కోరిక. ఇరవై రెండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా దానికోసమే ఎదురుచూస్తున్నాడు. మరో ఏడాదిలో రిటైరవుతాడు.

అంత దూరాన ఉన్న గ్రహం నేరుగా కనిపించదు. అది నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు పిసరంత తగ్గుతుంది, అంతే. అందుకని అక్కడివాళ్లు రోజూ నక్షత్రాల వెలుగును కొలిచి కాగితం మీద చుక్కలు పెట్టేవారు. పొద్దున్నే పరాంకుశం ఆ కాగితాలు ముందేసుకుని, మబ్బుల వల్లో దుమ్ము వల్లో తప్పుగా వచ్చాయనుకున్న చుక్కల్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవాడు. మిగిలినవే లెక్కలోకి వెళ్లేవి.

ఒకరోజు ఆయన దగ్గర పనిచేసే హైమ కాగితాల కట్ట పట్టుకుని గబగబా వచ్చింది.

“సార్, ఈ నక్షత్రం వెలుగు మూడు రోజులకోసారి తగ్గుతోంది. పెద్ద గ్రహమేమో!”

పరాంకుశం పకపకా నవ్వాడు. “మూడు రోజులకా? మన గురుగ్రహం సూర్యుణ్ణి చుట్టి రావడానికి పన్నెండేళ్లు పడుతుంది. అంత పెద్ద వాయుగోళం వెళ్లి నక్షత్రం ఒళ్లో కూర్చుంటుందటమ్మా? మాడి మసైపోదూ! ఇది మబ్బు పని.”

“మబ్బు లెక్క తప్పకుండా మూడో రోజే వస్తుందా సార్? ఒక్క నెల చూద్దాం.”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఆకాశం చూస్తున్నాను. నాకే చెప్పొచ్చావా?” అంటూ ఆయన ఆ చుక్కలన్నీ బరబరా కొట్టేశాడు. టెలిస్కోపును వేరే నక్షత్రం వైపు తిప్పించాడు. పాపం, హైమ మాత్రం ఏం చేస్తుంది? కాగితాలు బీరువాలో పెట్టి ఊరుకుంది.

ఆరు నెలలు తిరక్కుండానే వేరే దేశం వాళ్లు ఒక కొత్త గ్రహాన్ని ప్రకటించారు. సరిగ్గా అదే నక్షత్రం! దాన్ని ఆనుకున్నట్టుగా, గురుగ్రహమంత వాయుగోళం, కొలిమిలా కాగుతూ మూడు రోజులకో చుట్టు చుట్టేస్తోందట. మసైపోలేదు సరికదా, నిక్షేపంలా తిరుగుతోంది.

ఆ రోజు పరాంకుశానికి ముద్ద దిగలేదు. బీరువా తెరిపించి పాత కాగితాలు బల్లమీద పరిచాడు. ఎర్ర గీతల కింద ప్రతి మూడో రోజూ ఆ గ్రహం ఉంది. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఇన్నేళ్లు వెతికాను హైమా. తీరా అది గుమ్మంలోకి వస్తే నా చేత్తోనే గెంటేశాను. నీకు రావలసిన పేరు కూడా పోగొట్టాను” అన్నాడు.

“పోనీలెండి సార్” అనబోయింది హైమ. అనలేక, పరిచిన కాగితాల్ని మళ్లీ కట్ట కట్టసాగింది.

చూశారుగా! తనకు తెలిసినదానితో పొసగలేదని కంటికి కనిపించినదాన్ని కొట్టిపారేసేవాడికి, కొత్తది ఎదురొచ్చినా దక్కదు.