రెండు తాళ్ళ వల

పద్యం తప్పు పాడితే దాసన్న పంతులుగారు తిట్టరు. కండువా భుజాన వేసుకుని, శిష్యుణ్ణి ఎటో ఒకవైపు నడిపించుకుపోతారు. మా సముద్రపు ఒడ్డు ఊళ్ళలో నాటకాలాడేవాళ్ళందరికీ ఆ అలవాటు తెలుసు.

ఆయన శిష్యుడు పైడిరాజుది గంటలాంటి గొంతు. మర్నాటి నాటకంలో రాజు వేషం అతనికి ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఉదయమే తేలాలి. పద్యంలో 'చంద్రకాంతశిలాతలము' అన్నచోట మాటను నాలుగు ముక్కలు చేసి, నాలుగింటినీ సుత్తితో కొట్టినట్టు పాడాడు. తప్పు తనకే తెలిసింది.

"విరవకపోతే ఊపిరి చాలదు, విరిస్తే మాట మిగలదు. ఇంత పొడుగు మాటలో బరువు ఎక్కడ పెట్టాలి గురువుగారూ?"

పంతులుగారు కండువా అందుకున్నారు.

ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. వల నీటిలో ఉంది, దాని రెండు తాళ్ళు ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉన్నాయి. తుపాను తరవాత జాలరిపేటలో పొయ్యిలు సరిగా వెలగలేదు. ఆ వేళ వలలో ఏదైనా పడితేనే కూడు. "పోయి రెండో తాడు పట్టుకో" అన్నారు పంతులుగారు.

మొదటి తాడు దగ్గర పెద్ద మనిషి ఎల్లాజీ పాట ఎత్తాడు. అతని గుంపు బలంగా లాగింది. పైడిరాజు ఊరుకుంటాడా, తన కంచుగొంతుతో అంతకన్నా గట్టిగా అందుకున్నాడు. వెనకున్నవాళ్ళు ఆ ఊపులో ఒక్కసారి గుంజేశారు. వల అడుగు ఇసుక మీంచి లేచింది. దాని కిందినుంచి చేపలు తెల్లగా మెరుస్తూ జారిపోయాయి.

"ఏటి బాబూ, పెళ్ళిబాజా అనుకున్నావేటి, ఎవుడి దరువు ఆడు ఏసుకోడానికి?" అన్నాడు ఎల్లాజీ. "మేం లాగినప్పుడు నువ్వు పట్టి ఉంచాల. ఒగ్గీకూడదు, గుంజీకూడదు."

పైడిరాజు తల వంచి, గొంతు తగ్గించాడు. ఎల్లాజీ పిలుపు బరువుగా పడేది. దాని వెనకే ఇతని పలుకు మెత్తగా వచ్చి ఆనుకునేది. గుంపులు రెండూ ఒకదానివైపు ఒకటి జరుగుతూ వచ్చాయి. ఎవరి పాట ఎక్కడ ఆగిందో, ఎవరిది ఎక్కడ మొదలైందో చెప్పలేని ఘడియ ఒకటి వచ్చింది. అంతమంది వీపులు ఒకే వీపులా వంగాయి. కెరటం కూడా ఆ లెక్కకే వస్తున్నట్టుంది. పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు. తాను లాగుతున్నాడో, తననే ఏదో లాగుతోందో తెలియలేదు. కళ్ళు తెరిచేసరికి వల ఒడ్డున ఉంది, పోయినవి పోగా మిగిలిన చేపలతో కదులుతూ. ఆడవాళ్ళు గంపలు దించారు.

తిరుగుదారిలో అతను పద్యం అందుకున్నాడు. ఆ పొడుగు మాట వచ్చింది, వెళ్ళింది. పంతులుగారు నడక ఆపారు.

"ఎక్కడ విరిచావు?"

"తెలియలేదండి."

"మాటలో రెండో తాడు వదిలెయ్యలేదుగా?"

"లేదండి. పట్టే ఉన్నాను."

పంతులుగారు మళ్ళీ నడక సాగించారు.

"రేపు పెందలాడే రా నాయనా, కిరీటం బిగించడానికి చాలా సేపు పడుతుంది."