ఓదెలు మొహం ఎందుకు వాచింది?

ఊళ్ళో తెలివితక్కువవాడంటే ఈ కథ చెప్పేవాడొక్కడేనని ఓదెలు ఇంటివాళ్ళ నమ్మకం. చెప్పేవాడూ కాదనలేదు. తమ బుర్రల్లో తెలివి మాత్రం పొంగి పొర్లుతోందని వాళ్ళ ధీమా.

అంత తెలివిగల ఓదెలుకి ఒక్కటే బెంగ. కూతురు కనకకి సంబంధం వచ్చింది. ఆ వైపు పద్ధతి ప్రకారం ఇద్దరు తండ్రులూ ఎదురెదురుగా కూర్చుని చెరో గుక్క బ్రాందీ తాగితేనే ఖాయమైనట్టు. ఓదెలు గుక్క వేశాడా, ఒళ్ళంతా దద్దుర్లు, మొహం బూరె! ఆ మొహం చూసి వియ్యంకుడు లేచిపోతే?

డాక్టర్ దగ్గరికి పరుగెత్తాడు.

"ఏం తీసుకున్నప్పుడు ఇట్లయితది?"

"పల్లీలు, సోడా, బ్రాందీ, డాక్టర్ సాబ్."

"ఏది పడ్తలేదో తెల్వాలంటే ఒక్కొక్కటే బంద్ పెట్టి చూడు."

అంతే, ఇంట్లో పరీక్షలు మొదలు. తమ్ముడు కొమురెల్లి పెద్దరికం. "ముందుగాల పల్లీలు బంద్, అన్నా!" పల్లీల్లేకుండా తాగాడు. మొహం వాచింది. "అయితే సోడా బంద్!" ఉత్త బ్రాందీ దిగింది. కళ్ళు గీతలయ్యాయి. "నాకు గ్లాసు మీద అనుమానం," అంది పెళ్ళాం సమ్మక్క. ఇంకేముంది, సీసా ఎత్తి గటగటా! పెదాలు గారెలయ్యాయి.

కొమురెల్లి గడ్డం గోక్కున్నాడు. "ఇగ మిగిలింది బ్రాందీ, నువ్వు. పద్ధతికి బ్రాందీ కావాలె. నిన్నే బంద్ పెడ్తం."

ఓదెలుని పశువుల కొట్టంలో కూర్చోబెట్టి మిగతావాళ్ళు తలా కాస్త తాగారు. ఒక్క మొహమూ వాచలేదు.

"దొరికింది! దోషమంత అన్నలోనే ఉన్నది!"

ఖాయం రోజు వియ్యంకుడు రాజలింగం వచ్చాడు. "బావ యాడ?"

"ఆయన్ను బంద్ పెట్టినం అన్నా," అంది సమ్మక్క గర్వంగా.

రాజలింగం కొట్టంలోకి వెళ్ళాడు. ఓదెలు గడ్డిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నా బిడ్డ పెండ్లి నేనే చెడగొడ్తున్న బావా!"

కథంతా విని రాజలింగం పగలబడి నవ్వాడు. "నీకు పడంది బ్రాందీనే! కొందరి ఒంటికి పడదు, గంతే. ఇగ దాని జోలికి పోకు. మంచినీళ్ళు తాగు, సంబంధానికేం కాదు."

ఓదెలు నీళ్ళు తాగాడు. రాజలింగం బ్రాందీ తాగాడు. ఖాయమైంది. ఓదెలు మొహం నున్నగా ఉంది! ఇల్లంతా సంబరం.

రాజలింగం ఆకువక్క వేసుకుని ఇటు తిరిగేసరికి ఎదురుగా ఎర్రటి దద్దుర్లతో, గుమ్మడికాయంత మొహంతో ఎవరో.

"ఎవరయ్యా నువ్వు?"

"నేనే బావా!" ఓదెలు ఆనందం పట్టలేకపోతున్నాడు. "నిజమో కాదో చూద్దామన్నడు కొమురెల్లి. ఇప్పుడే సీసెడు తాగి చూసిన. నువ్వు చెప్పింది అచ్చంగ నిజం!"